ఒక పక్క అతిథులు, ఒక పక్క మేస్త్రీలు

విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో అరకు లోయ ఉంది. చుట్టూ కొండలు. కొండల మీద కాఫీ తోటలు. చలికాలం వచ్చిందంటే పట్నం జనం ఇక్కడికి తరలి వస్తారు. అందరూ హోటళ్ళలో దిగరు. కొందరు ఊళ్ళో ఎవరింట్లోనో ఒక గది అద్దెకు తీసుకుంటారు. ఇంటివాళ్ళు వండిందే తింటారు. దీన్ని హోమ్‌స్టే అంటున్నారు. వంట, ఊడ్పు, దుప్పట్లు ఉతకడం చాలావరకు ఆడవాళ్ళ పనే. మరి లెక్క మాత్రం మగవాళ్ళ చేతిలో ఎందుకుండాలి?

ఒక ఇల్లు అనుకోండి. రెండు గదులు అద్దెకిస్తారు. ఇల్లాలు మూడో గది కట్టాలనుకొంది. ఒక్కో గదికి రాత్రికి 1000 రూపాయలు అనుకుంటే, డిసెంబరులో రెండు గదులూ 15 రాత్రులు నిండితే 30,000 రూపాయలు. అందులో బియ్యం, కూరలు, గ్యాసు, సబ్బులకు 12,000 పోయింది. మిగిలింది 18,000. గది కట్టడానికి ఉన్నది ఈ 18,000 మాత్రమే. చేతికి 30,000 వచ్చింది కదా అని అంతా మేస్త్రికి ఇచ్చేస్తే మర్నాడు బియ్యం అప్పు తేవాలి. అందుకే అతిథుల లెక్క ఒక పుస్తకంలో, కట్టుబడి లెక్క ఇంకో పుస్తకంలో రాసుకోవాలి.

డబ్బు చాలనప్పుడు ఎవరో ఒకరు వస్తారు. "గది నేను కట్టిస్తాను, ఈ కాగితం మీద సంతకం పెట్టమ్మా" అంటారు. ఆ కాగితంలో ఏముందో చదవాలి. అరకు షెడ్యూల్డు ప్రాంతం. ఇక్కడి గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనకూడదు. తాకట్టు పట్టకూడదు. లీజుకు కూడా తీసుకోకూడదు. 1959 నాటి నిబంధనను 1970లో ఇలా గట్టి చేశారు. జనం దీన్ని 1/70 చట్టం అంటారు. కాగితం అర్థం కాకపోతే తహసీల్దారు ఆఫీసులో చూపించి అడగాలి. వచ్చినవాడు తొందరపెడితే పెట్టనీ.

పని ఎప్పుడు మొదలుపెట్టాలి? జూన్ నుంచి వానలు. ఇసుక కొట్టుకుపోతుంది. తేమకు సిమెంటు గడ్డ కడుతుంది. నవంబరు నుంచి జనవరి దాకా అతిథుల కాలం. ఇక మిగిలింది ఎండాకాలం. అప్పుడైనా అతిథులు పూర్తిగా ఆగరు. కింద ఎండలకు తాళలేక కొండెక్కి వస్తారు. కాబట్టి రెండు పనులూ కలిసే నడవాలి.

గది కావాలని ఫోను చేసినవాళ్ళకు ముందే చెప్పాలి: "వెనక గది కడుతున్నాం. పగలు చప్పుడుంటుంది. అద్దె కొంత తగ్గిస్తాం." కొందరు రారు. వచ్చినవాళ్ళు మాత్రం గొడవపడరు. అతిథులు పగలు బొర్రా గుహలకో, తోటలకో పోతారు. సాయంత్రం తిరిగి వస్తారు. రాళ్ళు కొట్టడం, ఇనుము కోయడం ఆ లోపలే అయిపోవాలి. ఇసుక, ఇనుము, మేకులు అతిథులు నడిచే దారిలో ఉండకూడదు. పట్నం పిల్లలు ఇసుక కనబడితే ఆడుకోకుండా ఉండరు.

అసలు చిక్కు నీళ్ళతో. శ్లాబు వేశాక దాని మీద మడులు కట్టి నీళ్ళు నిలబెట్టాలి. కనీసం 10 రోజులు, 14 రోజులైతే ఇంకా మంచిది. అతిథులకు స్నానాలకు నీళ్ళు కావాలి. వంటకూ కావాలి. ఎండాకాలం నీళ్ళు తక్కువ. బిందెలు మోసేది ఎవరు? ఇల్లాలే! కాబట్టి శ్లాబు వేసే ముందే డ్రమ్ములు నింపి పెట్టాలి. ఆ పది రోజులు ఒక గదే అద్దెకివ్వాలి. కొంత అద్దె పోతుంది. నడుము మిగులుతుంది.

పని ఆలస్యమై శ్లాబు చలికాలంలో పడిందనుకోండి. శనివారానికి గది కావాలని ఎవరో అడుగుతారు. శ్లాబు కింద ఇంకా సెంట్రింగు కర్రలున్నాయి. "తీసేద్దాంలే" అనిపిస్తుంది. తీయకూడదు. గది అడ్డం సుమారు 15 అడుగుల లోపుంటే కనీసం 7 రోజులు, దాటితే 14 రోజులు కర్రలు ఉండాలి. చలికి కాంక్రీటు మెల్లగా గట్టిపడుతుంది. అరకు చలిలో ఇంకొన్ని రోజులు ఆగడం మేలు. మేస్త్రి "ఇంక తీయొచ్చు" అన్నాకే తీయాలి. ఒక రాత్రి అద్దె 1000 రూపాయలే. శ్లాబు కింద పడుకునేది మనుషులు.

తలుపులు పెట్టి, సున్నం ఆరాక, కొత్త గదిలో మొదటి రాత్రి ఇంటివాళ్ళే పడుకోవాలి. గొళ్ళెం పడుతుందో లేదో, రాత్రి చలిగాలి ఏ సందులోంచి వస్తుందో అప్పుడే తెలుస్తుంది. పొద్దున్నే లేచి మేస్త్రిని పిలవొచ్చు, అతనికి ఇవ్వాల్సిన ఆఖరి డబ్బు ఇంకా చేతిలో ఉండగానే.