కన్ను ఎందుకు సాగుతుంది?

మీ తరగతిలో కళ్లద్దాలు పెట్టుకున్నవాళ్లు ఎందరున్నారో ఒకసారి లెక్కపెట్టండి. వాళ్లలో చాలామందికి పుస్తకంలోని అక్షరాలు చక్కగా కనిపిస్తాయి. నల్లబల్ల మీది అక్షరాలే అలుక్కుపోయినట్లుంటాయి. దీనినే హ్రస్వదృష్టి అంటారు. అద్దాలు పెట్టుకుంటే ఆ ఇబ్బంది తీరుతుంది. కాని అద్దం చూపును సరిచేస్తుందే తప్ప, ఈ లోపం అసలు ఎందుకు వచ్చిందో చెప్పదు. ఆ "ఎందుకు"ను పట్టుకుని దశాబ్దాల తరబడి పరిశోధించిన ఒక ఆచార్యుడి గురించి తెలుసుకుందాం.

ఒక్క మిల్లీమీటరు!

ముందు ఒక చిన్న ప్రయోగం చేయండి. కిటికీకి ఎదురుగా, గది లోపల ఒక తెల్లకాగితం నిలబెట్టండి. దాని ముందు భూతద్దాన్ని పట్టుకుని అటూఇటూ జరపండి. ఒకచోట బయటి చెట్టు బొమ్మ తలకిందులుగా, స్పష్టంగా కాగితం మీద పడుతుంది. (భూతద్దాన్ని సూర్యుడి వైపు మాత్రం ఎన్నడూ పట్టకండి. దానిలోంచి సూర్యుణ్ణి చూడకండి.) ఇప్పుడు కాగితాన్ని కొంచెం వెనక్కి జరపండి. బొమ్మ మసకబారింది కదూ? హ్రస్వదృష్టి ఉన్న కంటిలో జరిగేది ఇదే.

కంటిలో ఆ కాగితం స్థానంలో ఉండేది రెటీనా. పెద్దవాళ్ల కనుగుడ్డు ముందునుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. అది ఒక్క మిల్లీమీటరు ఎక్కువ పెరిగితే చాలు, రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల అద్దం కావలసివస్తుంది. దూరపు వస్తువు బొమ్మ రెటీనాకు ముందే ఏర్పడటం వల్ల అది మసకగా కనిపిస్తుంది. పుటాకార కటకం ఆ బొమ్మను వెనక్కి జరిపి రెటీనా మీద నిలుపుతుంది.

ఇందులో ప్రమాదం కూడా ఉంది. కన్ను మరీ సాగితే రెటీనా పలచబడుతుంది. కొందరిలో పెద్దయ్యాక అది చిరిగి, ఊడి, చూపు పోవచ్చు. కనుక కన్ను ఎందుకు సాగుతుందో తెలుసుకోవడం చాలా అవసరం.

బడి వల్లనా? వంశం వల్లనా?

1867లో బ్రెస్లౌ నగరంలో (ఇది ఇప్పుడు పోలండులో ఉంది) హెర్మన్ కోన్ అనే కంటివైద్యుడు 10,060 మంది బడిపిల్లల కళ్లు పరీక్షించి, ఫలితాలను ప్రచురించాడు. పై తరగతులకు పోయేకొద్దీ హ్రస్వదృష్టి ఉన్నవాళ్లు పెరుగుతూ వచ్చారు. అయితే తల్లిదండ్రులకు ఈ లోపం ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువన్నదీ నిజమే. అందుకే ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ఇది వంశపారంపర్యం అన్న మాటే గట్టిగా వినిపించింది.

1977లో టోర్‌స్టెన్ వీజెల్, ఎలియో రవియోలా అనే శాస్త్రజ్ఞులు ఒక వింత విషయం ప్రకటించారు. పసి కోతుల కనురెప్పలను కుట్టి మూసి ఉంచితే, ఆ కన్ను అతిగా పొడవు పెరిగింది! అంటే పెరుగుదల పుట్టుకతోనే పూర్తిగా నిర్ణయమైపోలేదన్నమాట. కన్ను చూసేదాన్ని బట్టి కూడా పెరుగుతుంది.

హ్యూస్టన్ ప్రయోగశాలలో

అమెరికాలోని హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో ఆప్టోమెట్రీ కళాశాల ఉంది. చూపును కొలిచి, దాని లోపాలను సరిదిద్దే శాస్త్రమే ఆప్టోమెట్రీ. ఎర్ల్ స్మిత్ అక్కడే చదువుకుని, అక్కడే ఆచార్యుడై, ఆ కళాశాలకు డీన్‌గా కూడా పనిచేశారు. పసితనంలో చూపు సరిగా అందకపోతే కంటిలో, మెదడులో ఏమవుతుందన్నది ఆయన మొదట పట్టుకున్న విషయం. అక్కడినుంచి ఆయన దృష్టి కంటి పెరుగుదల మీదికి మళ్లింది.

కోతి కన్ను నిర్మాణంలో మన కంటికి చాలా దగ్గర. స్మిత్ బృందం కోతిపిల్లలకు తేలికైన శిరస్త్రాణాలు తొడిగి, వాటికి కటకాలు అమర్చింది. పుటాకార కటకం పెడితే బొమ్మ రెటీనాకు వెనక పడుతుంది. అప్పుడు కన్ను ఏంచేసిందో తెలుసా? బొమ్మను అందుకోవడానికా అన్నట్లు పొడవు పెరిగింది! కుంభాకార కటకం పెడితే పెరుగుదల మందగించింది. లి-ఫాంగ్ హంగ్ తదితరులతో కలిసి స్మిత్ ఈ ఫలితాలను 1995లో ప్రచురించారు. కుట్టుకూలీ కొలత చూసి గుడ్డ కత్తిరించినట్లు, కన్ను తన మీద పడే బొమ్మను చూసి తన పొడవును సరిచూసుకుంటుందని తేలింది.

అంచుల సంగతి

మనం అక్షరాలు చదివేది రెటీనా నడిమి భాగంతో. కనుక కంటి పెరుగుదలను నడిపించేదీ ఆ భాగమే అయి ఉండాలి. ఇది సహజంగా తోచే ఊహ. స్మిత్ ఈ ఊహను పరీక్షకు పెట్టారు. 2005లో వెలువడిన ప్రయోగంలో 12 కోతిపిల్లలకు మధ్యలో గుండ్రని ఖాళీ ఉన్న మసక అద్దాలు పెట్టారు. నడిమి చూపు స్పష్టం. చుట్టూ మాత్రం మసక. అయినా వాటి చూపు హ్రస్వదృష్టి వైపు జరిగింది! వాటిలో 7 కోతుల ఒక్కొక్క కంట్లో రెటీనా నడిమి భాగాన్ని లేజరుతో పనిచేయకుండా చేశారు. మసక అద్దాలు తీసేశాక ఆ కళ్లు కూడా తిరిగి సరైన దారికి వచ్చాయి. నడిమి భాగం లేకున్నా కన్ను తన పొడవును సరిచూసుకోగలిగిందన్నమాట. అంచులు చూసేదీ లెక్కలోకి వస్తుంది.

ఇలాంటి ప్రయోగాలు పిల్లల మీద చేయరాదు కదా! ఈ జ్ఞానం కోతిపిల్లల కళ్ల వల్ల లభించిందని మనం మరచిపోకూడదు.

మరి దీనికీ మీ అద్దాలకూ ఏమిటి సంబంధం? సాగిన కన్ను కోడిగుడ్డులా ఉంటుంది. మామూలు అద్దం నడిమి బొమ్మను సరిగ్గా రెటీనా మీద నిలిపినా, అంచుల బొమ్మ రెటీనాకు వెనక పడవచ్చు. "ఇంకా పెరుగు" అని కంటికి సంకేతం అందడానికి అది చాలునేమో! ఈ ఆలోచనతో, నడుమ ఒక శక్తి, చుట్టూ మరో శక్తి ఉండే కటకాలు తయారయ్యాయి. అలాంటి కాంటాక్ట్ లెన్స్ ఒకదానికి 2019లో అమెరికా ప్రభుత్వం పిల్లల కోసం అనుమతి ఇచ్చింది. ఇవి హ్రస్వదృష్టిని పోగొట్టవు. పెరిగే వేగాన్ని తగ్గిస్తాయి. మనుషుల్లో మాత్రం అంచుల మసకే ఈ లోపానికి మొదటి కారణమని ఇంకా రుజువు కాలేదు.

వెలుతురు మాట

ఇంట్లో దీపం వెలుతురు కొన్ని వందల లక్స్‌లకు మించదు. ఆరుబయట పగటి వెలుగు వేల లక్స్‌లు ఉంటుంది. 2012లో స్మిత్ బృందం మసక అద్దాలు పెట్టిన కోతులను రోజూ కొన్ని గంటలు 25,000 లక్స్‌ల వెలుగులో ఉంచింది. హ్రస్వదృష్టి చాలావరకు తగ్గింది. మరుసటి ఏడాది మసక అద్దాలకు బదులు పుటాకార కటకాలు పెట్టి చూస్తే, ఆ వెలుగు చెప్పుకోదగ్గ మేలు చేయలేదు. స్మిత్ రెండు ఫలితాలనూ ప్రచురించారు. తన ఊహకు అనుకూలించనిదాన్ని కూడా దాచకుండా చెప్పడమే శాస్త్రం.

పిల్లల విషయంలో ఆరుబయటి వెలుగు మేలు చేస్తుందని చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో తేలింది. అక్కడ కొన్ని బడులలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట తరగతి పెట్టారు. మూడేళ్లలో వాళ్లలో 30.4 శాతం మందికి కొత్తగా హ్రస్వదృష్టి వచ్చింది. మిగతా బడులలో 39.5 శాతం మందికి వచ్చింది. ఈ ఫలితాలు 2015లో వెలువడ్డాయి.

2050 నాటికి ప్రపంచ జనాభాలో దాదాపు సగం మందికి హ్రస్వదృష్టి ఉండవచ్చని 2016లో ఒక అంచనా వెలువడింది. దాన్ని రూపొందించిన బృందానికి సారథి బ్రయన్ హోల్డెన్. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థలో ఆప్టోమెట్రీ నేర్పే విభాగానికి ఆయన పేరే పెట్టారు.

మీరేం చేయాలి?

ఒక కన్ను మూసి, రెండో కంటితో నల్లబల్ల చూడండి. తరవాత రెండో కన్ను మూసి చూడండి. ఏ కంటికి మసకగా ఉన్నా పెద్దవాళ్లకు చెప్పి పరీక్ష చేయించుకోండి. డాక్టరు ఇచ్చిన అద్దాలు మానకండి. అద్దాలు పెట్టుకుంటే చూపు పాడవుతుందన్న మాట నమ్మకండి. ఇక సాయంత్రం బడి వదలగానే ఆటస్థలానికి పరుగెత్తండి. "చదువుకోకుండా ఆటలేమిటి?" అని ఇంట్లో ఎవరైనా అడిగితే, గ్వాంగ్‌జౌ పిల్లల సంగతి చెప్పండి!