తీర్పు వేరు, సమాధానం వేరు



లూకా సువార్త 12వ అధ్యాయంలో ఒక మనిషి జనం మధ్య నుండి ప్రభువును పిలిచి, తన సోదరుడు ఆస్తిలో వాటా ఇవ్వడం లేదని మొరపెట్టుకుంటాడు. ప్రభువు ఆ పంపకానికి న్యాయాధిపతిగా కూర్చోవడానికి ఒప్పుకోలేదు. పేరాశను గురించి హెచ్చరించి ఊరుకున్నాడు. ఇది మనకు కొంచెం వింతగానే తోస్తుంది. న్యాయం చెప్పమంటే చెప్పడం తప్పా? దీనికి జవాబు వెదకడానికి ఈ వారం ఒక చరిత్రను పరిశీలిద్దాం.

దక్షిణ అమెరికా ఖండం కొట్టకొనన బీగిల్ అనే జలసంధి ఉన్నది. దాని తూర్పు ముఖాన పిక్టన్, లెన్నాక్స్, నూయెవా అనే మూడు దీవులున్నాయి. అక్కడ ఎముకలు కొరికే చలి, ఈదురుగాలి. మనుషులు బహు కొద్దిమంది. ఈ దీవులు మావంటే మావని చిలీ, అర్జెంటీనా దేశాలు దశాబ్దాల తరబడి వాదులాడుకున్నాయి. 1881 నాటి సరిహద్దు ఒప్పందం ప్రకారం జలసంధికి దక్షిణాన ఉన్న దీవులు చిలీకి చెందుతాయి. అయితే జలసంధి నేరుగా తూర్పుకు పోతుందని చిలీ వాదన. ఈ దీవుల దగ్గరకు రాకముందే అది దక్షిణానికి మలుపు తిరుగుతుందని అర్జెంటీనా వాదన. జలసంధి దారి మారితే దీవుల హక్కుదారు మారిపోతాడు!

1971లో ఉభయులూ తీర్పుకు ఒప్పుకున్నారు. అంతర్జాతీయ న్యాయస్థానానికి చెందిన అయిదుగురు న్యాయమూర్తులు విచారణ జరిపారు. మూడు దీవులూ చిలీవేనని 1977లో తీర్పు వెలువడింది. 1978 జనవరిలో అర్జెంటీనా ఆ తీర్పు చెల్లదని ప్రకటించింది. ఆ సంవత్సరం డిసెంబరు నాటికి సైన్యాలు సరిహద్దుకు చేరాయి. యుద్ధనౌకలు బయలుదేరాయి.

ఇక్కడ మనం సిగ్గుతో తలవంచుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. రెండూ కతోలిక ప్రజలు అధికంగా ఉన్న దేశాలే. ఇరువైపుల సైనికుల చేతుల్లోనూ ఉన్నది ఒకే జపమాల. అంతకు పూర్వం మరొక సరిహద్దు తగాదా సమసిన గుర్తుగా 1904లో ఆ రెండు దేశాల నడుమ ఆండీస్ కనుమలో క్రీస్తు ప్రభువు విగ్రహాన్ని నిలిపారు. ఆ విగ్రహం కొండమీద అలాగే ఉన్నది. కొండకింద ఫిరంగులు సిద్ధమయ్యాయి.

అప్పటికి రెండవ జాన్‌పాల్ జగద్గురువులు ఎన్నికై రెండు నెలలు మాత్రమే. క్రిస్మస్ ముందు వారు కలుగజేసుకుని, తమ ప్రతినిధిగా కార్డినల్ అంతోనియో సమోరె గారిని పంపారు. డిసెంబరు 26న ఆయన బ్యూనస్ ఎయిరిస్ చేరి, రెండు రాజధానుల మధ్య తిరిగారు. 1979 జనవరి 8న మాంటెవిడియో నగరంలో ఉభయులూ సంతకాలు చేశారు. బలప్రయోగం చేయమని మాట ఇచ్చి, జగద్గురువుల మధ్యవర్తిత్వాన్ని కోరారు.

ఆ తరువాత అంతా సాఫీగా సాగిందనుకోకండి. 1980 డిసెంబరులో జగద్గురువులు ఒక ప్రతిపాదన ఇచ్చారు. చిలీ అంగీకరించింది, అర్జెంటీనా అంగీకరించలేదు. అయినా రోము చర్చలను విడిచిపెట్టలేదు. 1983 ఫిబ్రవరిలో కార్డినల్ సమోరె ఫలితం చూడకుండానే కన్నుమూశారు. ఆ సంవత్సరాంతాన అర్జెంటీనాలో సైనిక పాలన పోయి, ప్రజలెన్నుకున్న ప్రభుత్వం వచ్చింది. 1984 నవంబరు 25న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 80 శాతానికి పైగా ఓటర్లు ఒప్పందాన్ని సమర్థించారు. నాలుగు రోజుల తరువాత వాటికన్‌లో ఇరుదేశాలు శాంతి, స్నేహ ఒడంబడికపై సంతకాలు చేశాయి.

ఆ ఒడంబడికలో దీవులు ఎవరికి దక్కాయి? చిలీకే! 1977 తీర్పు కూడా చెప్పింది అదే గదా! మరి ఏడేళ్లలో మారినదేమిటి? దీవుల వెనుక ఉన్న భయాన్ని మధ్యవర్తులు విన్నారు. అర్జెంటీనా భయం ఆ రాతినేల గురించి మాత్రమే కాదు. దీవులను ఆసరా చేసుకుని చిలీ అట్లాంటిక్ సముద్రంలోకి చొచ్చుకు వస్తుందని వారి దిగులు. అందుచేత దీవులు చిలీకి ఉంచి, అట్లాంటిక్ వైపు సముద్రంపై హక్కును అర్జెంటీనాకు నిలిపారు. దేశంలో పాలన మారడం కూడా ఇందుకు తోడ్పడిందని నిజాయితీగా ఒప్పుకోవాలి. అయితే పాలన మారేదాకా చర్చలను సజీవంగా నిలిపినది ఆ ఓర్పే.

ఇదే కాలంలో ఇదే అర్జెంటీనాకు బ్రిటన్‌తో మరొక దీవుల తగాదా ఉన్నది. వారికి అవి మాల్వినాస్, బ్రిటన్‌కు ఫాక్‌లాండ్. 1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా సైన్యం అక్కడ దిగింది. రాజీ యత్నాలు ఫలించలేదు. జూన్ 14న యుద్ధం ముగిసేసరికి అర్జెంటీనా వారు 649 మంది, బ్రిటన్ వారు 255 మంది, దీవివాసులు ముగ్గురు మరణించారు. ఆ యుద్ధకాలంలోనే జగద్గురువులు రెండు దేశాలనూ దర్శించి శాంతిని వేడుకున్నారు. ఆ తగాదా నేటికీ తీరలేదు.

పాఠకులారా, తీర్పు అవసరమే. న్యాయాన్ని త్రోసిపుచ్చిన సమాధానం సమాధానం కాదు. కాని హక్కు ఎవరిదో చెప్పడంతో తీర్పు పని ముగుస్తుంది. ఓడినవాడు రేపు పొరుగువాని పక్కన ఎలా బ్రతకాలో అది చెప్పదు. ఆ పని మధ్యవర్తిది. పునీత పౌలు క్రీస్తు ప్రభువును మధ్యవర్తి అని పిలవడంలోని లోతు ఇదే. పంపకం కోరినవానికి ప్రభువు న్యాయం నిరాకరించలేదు. పంపకం తరువాత కూడా మిగిలిపోయే రోగాన్ని చూపించాడు.

మన విచారణల్లో గట్టు కోసం కోర్టుకెక్కి, గెలిచి కూడా ఏళ్ల తరబడి అన్నదమ్ములతో మాటలు లేనివారు ఉన్నారు. ఒకే పీఠం ముందు దివ్యసత్ప్రసాదం స్వీకరించి, గుడి మెట్లు దిగగానే ముఖాలు తిప్పుకునేవారు ఉన్నారు. ఈ వారం ప్రార్థనలో ఈ రెండు ప్రశ్నలు వేసుకుందాం.

1. నాతో తగాదాలో ఉన్న వ్యక్తి అసలు దేనికి భయపడుతున్నాడు? ఎన్నడైనా అడిగి విన్నానా?

2. ఇద్దరి మధ్య నడిచే అవకాశం నాకు వస్తే, కార్డినల్ సమోరె వలె ఫలితం చూడకుండా పోవడానికైనా సిద్ధమేనా?