వృద్ధుల దగ్గును ఉపేక్షింపరాదు

మన పల్నాటి పల్లెలలో సాయంసమయమున ఏ వీధికి బోయినను, అరుగుమీద కూర్చుండి దగ్గుచున్న ముదుసలి యొకడు కానవచ్చును. "ముసలితనము, చుట్ట దగ్గు" అని చెప్పి ఇంటివారు తమ పనులకు బోవుదురు. ఈ మాటల చాటున క్షయవ్యాధి యెట్లు దాగియుండునో విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుపుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట మా యింట జరిగిన సంగతి చెప్పెదను. మా మేనమామగారు గురజాల ప్రాంతమున సేద్యము చేసెడివారు. అరువదియైదేండ్లు దాటిన పిదప వారు ఒక చలికాలమంతయు దగ్గిరి. జ్వరము కానరాలేదు, నెత్తురు పడలేదు. కాని అన్నము సహింపదయ్యెను, తొడిగిన చొక్కా వదులయ్యెను. వయసుచేతనే యని మేము ఊరకుంటిమి. తలుపులు బిగించిన గదిలో మనుమడు ప్రతిరాత్రియు తాతగారి ప్రక్కనే పరుండెడివాడు. వేసవి వచ్చునప్పటికి ఆ బాలుని మెడయందు గడ్డలు లేచెను. అవి క్షయగడ్డలని వైద్యులు నిర్ణయించి, "ఇంటిలో దగ్గుచున్న పెద్దలెవరైన నున్నారా?" అని యడిగిన తరువాతగాని తాతగారి కళ్లెను పరీక్ష చేయింపవలెనను తలంపు మాకు బుట్టలేదు. చికిత్స పూర్తియై ఇద్దరును స్వస్థులైరి. అయినను, మేము ముందే గ్రహింపవలసిన దానిని పసివాని బాధ మాకు నేర్పవలసివచ్చెను.

క్షయ పాపఫలము కాదు, వంశదోషమును కాదు. దీనికి కారణమగు సూక్ష్మక్రిమిని రాబర్టు కాక్ అను వైద్యశాస్త్రజ్ఞుడు 1882వ సంవత్సరము మార్చి 24వ తేదీన బెర్లిను నగరమున లోకమునకు వెల్లడించెను. ఊపిరితిత్తుల క్షయగలవారు దగ్గినపుడు ఈ క్రిములు గాలిలో గలసి, ఇతరుల ఊపిరితో లోనికి జొచ్చును. తాకుటవలనగాని, ఒక పళ్లెరమున తినుటవలనగాని అంటవు. చాలమందియందు దేహబలము వానిని అణచియుంచును. అవి నివురుగప్పిన నిప్పువలె ఏండ్లతరబడి యుండి, బలము తగ్గినపుడు రగులుకొనును. బాల్యమున సోకిన క్రిమి డెబ్బదవయేట తలయెత్తవచ్చును. వార్ధక్యము, మధుమేహము, పొగత్రాగుడు, చాలని తిండి, రాయికొట్టు పనిలో పీల్చిన సిలికా ధూళి ఇందుకు దోహదము చేయును.

వృద్ధులయందు ఈ వ్యాధి తన గుర్తులను మార్చుకొనును. సాయంకాలపు జ్వరము, రాత్రి చెమట, కళ్లెలో నెత్తురు వారికి కలుగకపోవచ్చును. ఆకలి లేమి, చిక్కిపోవుట, నీరసము, ఆయాసము, ఒక్కొక్కప్పుడు మతి తడబడుట మాత్రమే కానవచ్చును. కావున రెండు వారములకు మించి దగ్గినను, కారణములేక చిక్కినను కళ్లె పరీక్షయు, ఎక్సురే పరీక్షయు చేయింపవలెను. 2019-21 సంవత్సరములలో మన దేశమున జరిగిన పరిశీలనలో, పదునైదేండ్లు దాటినవారిలో లక్షకు 316 మందికి ఊపిరితిత్తుల క్షయ యున్నట్లు తేలెను. ఏబదియైదేండ్లు దాటినవారియందు ఈ సంఖ్య మఱింత హెచ్చు. వ్యాధిలక్షణములుండియు నూటికి 64 మంది వైద్యునియొద్దకు బోలేదు.

పూర్వము ఈ వ్యాధికి మందు లేదు. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో పలు మిషనులు కూడి నెలకొల్పిన శానిటోరియమునందు శుభ్రమైన గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము ముఖ్యచికిత్సగా నుండెను. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడెను. తరువాత మఱికొన్ని మందులు వచ్చెను. మద్రాసునగరమున 1956లో ఆరంభమైన పరిశోధన, మందు సరిగా తీసికొనినచో ఇంటనుండియు శానిటోరియమునందువలెనే నయమగునని 1959లో నిరూపించెను. కాబట్టి నేడు తాతగారిని దూరదేశమునకు పంపవలసిన పని లేదు.

ప్రభుత్వ వైద్యశాలలలో పరీక్షలును మందులును ఉచితముగా లభించును. సామాన్యమైన క్షయకు ఆరునెలల చికిత్స: మొదటి రెండు నెలలు నాలుగు మందులు, పిదప నాలుగు నెలలు మూడు మందులు. పోషణకై నెలకు 1000 రూపాయల సహాయము 2024 నవంబరు నుండి ఇయ్యబడుచున్నది. ఒక నెలలో దగ్గు తగ్గినదని మందు మానినచో, క్రిములు మందునకు లొంగనివి కావచ్చును. మూత్రము ఎఱ్ఱబారుట రిఫాంపిసిన్ అను మందువలన కలుగునది, దానికి భయపడరాదు. కాని కన్నులు పచ్చబడినను, వాంతులు విడువకున్నను వెంటనే వైద్యునకు తెలుపవలెను, ఏలయన వృద్ధుల కాలేయము ఈ మందులకు త్వరగా నొచ్చును. మధుమేహమునకు మాత్రలు వాడువారు ఆ సంగతియు ముందుగా చెప్పవలెను.

విద్యార్థులారా! పెద్దలు తమవలన ఖర్చగునని జబ్బును దాచుదురు. మీరు వారి చేయిపట్టి వైద్యశాలకు తోడుపొండు. మాత్రల చీటిని చదివి దినదినము జ్ఞాపకము చేయుడు. కిటికీలు తెఱచియుంచుడు, దగ్గునపుడు నోటికి గుడ్డ అడ్డముంచుకొన జెప్పుడు. ఇంటిల్లిపాదియు పరీక్ష చేయించుకొనుడు. చికిత్స సరిగా సాగిన కొలది వారములలోనే ఇతరులకు సోకు భయము చాలవఱకు తగ్గును. కాని వారి గిన్నెను వేఱుచేయకుడు, వారి మాటను తప్పించుకొనకుడు. మనలను ఎత్తి పెంచినవారి దగ్గు మనకు విసుగు పుట్టింపక, మనలను లేపి నడిపింపవలెను.