బీమా ధర్మము – ముందునుండి ఉన్న వ్యాధి

"బీమా" అను మాట పారసీకమునుండి ఉర్దూ మీదుగా తెలుగులోనికి వచ్చినది. పారసీకములో "బీమ్" అనగా భయము. రేపు ఏమి కానున్నదో అను భయమును పదిమంది కలసి పంచుకొనుటయే బీమా. భయము రాబోవు దానిని గూర్చియే కలుగును. వచ్చిపడిన దానికి మిగులునది ఖర్చు మాత్రమే. ముందునుండి ఉన్న వ్యాధికి బీమా ఎందుకు వర్తింపదను ప్రశ్నకు సమాధానము ఈ భేదములోనే ఉన్నది. దీనిని పెంపుడు కుక్కల బీమా ఉదాహరణముగా పరిశీలింతము.

మన రైతులకు పశుబీమా క్రొత్తది కాదు. 1973లో సాధారణ బీమా జాతీయమైన పిదప ప్రభుత్వ కంపెనీలు పాడిపశువులకు పాలసీలు ఇచ్చుచు వచ్చినవి. పశువైద్యుడు పరీక్షించి ధ్రువపత్రమిచ్చును. పశువు చెవికి ట్యాగు వేయుదురు. ట్యాగు చూపనిదే పరిహారము రాదు. ఇంటి కుక్కకు వైద్యఖర్చుల బీమా మాత్రము విదేశములనుండి వచ్చిన పద్ధతి. స్వీడనులో 1924లోను, బ్రిటనులో 1947లోను కుక్కల పాలసీలు మొదలైనవి. అమెరికాలో 1982లో తొలి పాలసీని టెలివిజనులో పేరుపొందిన "లాస్సీ" అను కుక్కకు ఇచ్చిరి. మన దేశములో 2020లో బజాజ్ అలియాంజ్ కంపెనీ పెంపుడు కుక్కల పాలసీని ప్రవేశపెట్టినది. తరువాత మరికొన్ని కంపెనీలు ఆ బాట పట్టినవి.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ దాటి సాగర్ రహదారి వెంట తుర్కయంజాల్ వరకు నేడు కాలనీలు విస్తరించినవి. చిన్న ఇండ్లలో చిన్న కుక్కలే ఇముడును గనుక పొమేరేనియన్, పగ్ వంటి జాతులను పలువురు పెంచుచున్నారు. ఈ చిన్న జాతులకు కొన్ని ప్రత్యేకమైన బాధలు కలవు. మోకాటి చిప్ప ప్రక్కకు జారుట వానిలో ఒకటి; కుక్క నాలుగడుగులు కుంటి, మరల మామూలుగా పరుగెత్తును. శ్వాసనాళము మెత్తబడి అణగిపోయినచో బాతు అరచినట్లు దగ్గు వచ్చును. గుండె కవాటము అరిగినచో వైద్యునికి గొట్టములో ముందు చిన్న శబ్దము వినిపించును. కుక్క ఆయాసపడుట కొన్ని ఏండ్ల తరువాతనే కావచ్చును.

వివాదము పుట్టునది ఇక్కడనే. యజమాని దృష్టిలో వ్యాధి వైద్యుడు పేరు చెప్పిననాడు మొదలైనది. అనేక పాలసీల దృష్టిలో లక్షణము కనబడిననాడే మొదలైనది. టీకా వేయించుటకు వెళ్ళిననాడు చీటీలో "గుండెలో శబ్దము" అని వ్రాసియున్నచో, రెండేండ్లకు వచ్చిన గుండెజబ్బు క్లెయిమునకు అది అడ్డు రాగలదు. పాలసీకి ముందు ఒక మోకాలు జారినచో, తరువాత రెండవ మోకాలికి కూడ పరిహారము నిరాకరించు షరతులు కొన్ని పాలసీలలో కలవు.

ఇది కంపెనీల కాఠిన్యము మాత్రమేనా? చిన్న లెక్క వేసి చూతము. నూరు ఆరోగ్యమైన కుక్కలు ఉన్నవనుకొనుడు. ఏడాదికి పది జబ్బుపడి ఒక్కొక్క దానికి 10,000 రూపాయలు ఖర్చైనచో, మొత్తము 1,00,000, తలకు 1,000. ఇప్పటికే జబ్బుతో ఉన్న మరి ఇరువదింటిని అదే ప్రీమియముపై చేర్చినచో ఖర్చు 3,00,000 అగును. 120 కుక్కలకు పంచగా తలకు 2,500. అప్పుడు ఆరోగ్యమైన కుక్కల యజమానులు తప్పుకొందురు, నిధి కూలిపోవును. కనుక ఈ మినహాయింపు న్యాయమైనదే. అయితే దాని నిర్వచనము స్పష్టముగా, పరిమితముగా ఉన్నప్పుడే ఆ న్యాయము నిలుచును.

ఈ ఒప్పందమునకు సత్యమే పునాది. 1766లో ఇంగ్లండులో కార్టర్, బోహమ్ అనువారి వ్యాజ్యమున న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్, బీమాకు సంబంధించిన విషయములు అధికముగా బీమా చేయించుకొనువానికే తెలియును గాన అతడు వానిని దాచరాదని తీర్పు చెప్పెను. అంతకు వేయేండ్లకు పూర్వమే మదీనా అంగడిలో ధాన్యపు రాశిలో చేయిపెట్టి, లోపలి తడిని కనుగొని, తడిసిన గింజలను పైననే ఉంచవలసినదని వర్తకుని మందలించిన ప్రవక్త వృత్తాంతము మనకు తెలిసినదే. లోపమును దాచిన సరకును తిరిగి ఇచ్చివేయు హక్కు కొనుగోలుదారునకు కలదని ఇస్లామీయ ధర్మశాస్త్రము చెప్పుచున్నది.

ఆచరణలో చేయదగినవి నాలుగు. కుక్కపిల్ల ఆరోగ్యముగా ఉన్నప్పుడే పరీక్ష చేయించి, ఆ చీటీని భద్రపరచి, పాలసీ తీసుకొనవలెను. తెలిసిన ప్రతి లక్షణమును దరఖాస్తులో వ్రాయవలెను. "ముందునుండి ఉన్న వ్యాధి" అను మాటకు ఆ పాలసీ ఇచ్చిన అర్థమును సంతకమునకు ముందే చదువవలెను. గడువు తప్పనీయక పాలసీని కొనసాగించవలెను. ఒకసారి తెగిపోయినచో, నడుమ వచ్చిన జబ్బు క్రొత్త పాలసీకి పాతజబ్బు అగును. ఇప్పటికే జబ్బుపడిన కుక్కకు మాత్రము నెలనెలా కొంత దాచుకొనుట, నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగరు పశువైద్య కళాశాల సేవలను పొందుట సరియైన దారి.

విద్యార్థినీ విద్యార్థులారా! ఈ పాఠము కుక్కలతో ముగియదు. మీ తల్లిదండ్రుల ఆరోగ్య బీమా దరఖాస్తులో షుగరు, బీపీ గడులు కలవు. "వ్రాయకుడు, ప్రీమియము పెరుగును" అని సలహా ఇచ్చువారు ఉందురు. 2024 నుండి అమలులోనున్న నియమముల ప్రకారము, తెలియజేసిన పాతవ్యాధికి నిరీక్షణ కాలము మూడేండ్లకు మించరాదు. అయిదేండ్లు విడువక కొనసాగిన పాలసీని, మోసము రుజువైననే తప్ప, వెల్లడింపలేదను కారణముతో త్రోసిపుచ్చరాదు. నిజము వ్రాసినవానికి నిరీక్షణయో, ఒక్కొక్కప్పుడు ప్రీమియము పెరుగుటయో నష్టము కావచ్చును. దాచినవాడు ఏటేటా ప్రీమియము కట్టియు, ఆసుపత్రి మంచముపై ఉన్ననాడు చేయి చాచలేడు. ఇంగ్లీషులోనున్న ఆ దరఖాస్తును ఇంటిలో చదువగలవారు చాలచోట్ల మీరే. కనుక చదివి, పెద్దలకు తెలుగులోనో ఉర్దూలోనో వివరించి, నిజము వ్రాయించుట మీ బాధ్యత.