కెమెరాలోని ఫోటో ఎక్కడుంటుంది?

కిందటేడు మా ఫిజిక్సు లాబ్ అటెండరు గారి పదవీ విరమణ సభకు ఫోటోలు తీసే పని నా మీద పడింది. 140 దాకా తీశాను. రాత్రి హాస్టల్లో కెమెరాను కేబులుతో కంప్యూటరుకు తగిలించి, తెర మీద ఒక్కొక్కటే అందరికీ చూపించాను. "బ్రహ్మాండం" అన్నారు. ఇక ఫోటోలు కంప్యూటర్లోకి వచ్చేసినట్టే కదా అనుకుని, కేబులు పీకేసి, కెమెరాలోని కార్డును ఫార్మాట్ చేసేశాను. నేను చేసిందేమిటో తెలియాలంటే ముందు ఫోటో ఎలా నిలవ ఉంటుందో చూడాలి.

పూర్వం ఫిల్ముండే చోట ఇప్పుడు సెన్సరు ఉంటుంది. దాని నిండా కోట్ల కొద్దీ సూక్ష్మమైన గళ్లు. పడిన వెలుతురును బట్టి ఒక్కో గడిలో విద్యుదావేశం పోగవుతుంది. కెమెరా దాన్ని కొలిచి అంకెగా మారుస్తుంది. గడికి వెలుగే తప్ప రంగు తెలియదు. అందుకని గళ్ల మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలు పరుస్తారు. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన అమరిక అది. 2.4 కోట్ల గళ్లు, గడికి 14 బిట్లు అనుకుంటే ఒక్క ఫోటోకే 42 మెగాబైట్లు! అందుకే కన్ను అంతగా పట్టించుకోని వివరాలను వదిలేసి, జేపెగ్ పద్ధతిలో కుదించి కార్డు మీద రాస్తుంది. (1975లో అదే కొడాక్‌లో స్టీవెన్ సాసన్ తయారుచేసిన కెమెరా 10,000 గళ్ల బొమ్మను క్యాసెట్టు టేపు మీద రాయడానికి 23 సెకన్లు పట్టేది. మనకి అంత ఓపికేదీ?)

మెమరీ కార్డును మన లైబ్రరీ అనుకోండి. మొదట్లో కేటలాగు లాంటి పట్టిక; ఏ ఫోటో ఏ అరలో ఉందో అందులో రాసి ఉంటుంది. ఆ తరువాత అరలు. కేబులు తగిలిస్తే కంప్యూటరు కిటికీలోంచి ఆ లైబ్రరీని చూస్తుంది, అంతే. ఆ రాత్రి మేము చూసినవి కార్డులోని ఫోటోలే. కాపీ చెయ్యడమంటే ఆ అంకెలన్నిటినీ కంప్యూటరు డిస్కు మీద మళ్లీ రాయించడం. నేను రాయించనే లేదు.

మామూలుగా ఫార్మాట్ చేస్తే పోయేది కేటలాగు. పుస్తకాలు అరల్లోనే ఉంటాయి, కొత్తవి వచ్చి పడేదాకా. మర్నాడు రాత్రి గాని సంగతి బయటపడలేదు. ఒక సీనియరు "ఇంకొక్క ఫోటో కూడా తియ్యకురా" అని, ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాము నడిపించాడు. అది పట్టిక జోలికి పోదు. కార్డంతా వరసగా వెతుకుతుంది. ప్రతి జేపెగ్ ఫైలూ 255, 216 అనే రెండు బైట్లతో మొదలవుతుంది గనుక ఆనవాలు పట్టగలదు. 125 దాకా తిరిగొచ్చాయి, పాత పేర్లు లేకుండా.

రానివి మొదట తీసినవి. అటెండరు గారు, ఆయన భార్య దండలతో నిల్చున్న ఫోటో వాటిలోనే ఉంది. ఆ అరల్లో ఇప్పుడు మా హాస్టలు నీళ్లట్యాంకు వెనక సూర్యాస్తమయం ఉంది, 15 రకాలుగా.