వీడియో పాఠానికి అక్షరాలు తప్పనిసరి

పశుపోషణ, పరిశుభ్రమైన పాల ఉత్పత్తి గురించి ఇప్పుడు చాలా పాఠాలు వీడియోల ద్వారా మనకు అందుతున్నాయి. బొమ్మ చూపి మాటతో వివరించే ఈ పద్ధతి మంచిదే. కాని వినికిడి లేని సభ్యులకు ఇందులో సగం పాఠమే చేరుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. పాలు పితికిన వెంటనే గేదె ముందు మేత వేయడం తెరమీద కనిపిస్తుంది. కారణం మాత్రం మాటలోనే ఉంటుంది. పితికిన తర్వాత చనుమొన రంధ్రం మూసుకోవడానికి సుమారు అరగంట పడుతుంది. ఈలోగా పశువు పేడలో పడుకుంటే క్రిములు లోపలికి పోయి పొదుగువాపు రావచ్చు. మేత తింటుంటే నిలబడే ఉంటుంది. ఈ మాట వినబడని వారికి అది రోజూ వేసే మేత మాత్రమే.

మందుల విషయంలో ప్రమాదం ఇంకా ఎక్కువ. సూది వేయడం బొమ్మలో కనిపిస్తుంది. ఆ పాలు ఎన్నాళ్లు సంఘానికి పోయకూడదో కనిపించదు. ఒక్క ఇంటి పాలలో మందు మిగిలినా అవి అందరి పాలలో కలుస్తాయి. కనుక ఇది ఒక్కరి ఇబ్బంది కాదు, సంఘం మొత్తానికి నష్టం.

చెప్పే మాటలను అదే సమయంలో తెర అడుగున అక్షరాలలో చూపడాన్ని క్యాప్షన్లు అంటారు. వికలాంగుల హక్కుల చట్టం, 2016 లోని 42వ సెక్షన్ ఇటువంటి సదుపాయం కల్పించేందుకు ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని చెబుతున్నది. ఈ చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉంది.

క్యాప్షన్లు ఎలా ఉండాలి?

1. వాడుక తెలుగులో, ఒకసారికి రెండు పంక్తులకు మించకుండా ఉండాలి.
2. నల్లని పట్టీపై తెల్లని పెద్ద అక్షరాలు వేయాలి. నిదానంగా చదువుకునేంత సేపు నిలపాలి.
3. మందు పేరు, మోతాదు, రోజుల సంఖ్య తప్పక ఉండాలి. కంప్యూటరు తనంతట తాను వ్రాసిన అక్షరాలలో తప్పులు దొర్లుతాయి. వాటిని పశువైద్యునిచేత సరిచూపించాలి.
4. పశువు దగ్గు వంటి శబ్దం పాఠంలో భాగమైతే దానిని కూడా వ్రాయాలి.

సంఘం చేయవలసినది

క్యాప్షన్లు లేని వీడియోను శిక్షణకు వాడరాదని పాలకవర్గం తీర్మానించాలి. అవి సిద్ధమయ్యేవరకు కార్యదర్శి పాఠం సారాంశాన్ని పెద్ద అక్షరాలతో వ్రాసి పాలకేంద్రం గోడకు అంటించాలి. చదవను రాని బధిర సభ్యులకు ఇంటివారి సాయంతో, సైగలతో, పని చేసి చూపి చెప్పాలి.

ప్రశ్నలు

1. పితికిన తర్వాత పశువును ఎంతసేపు నిలబెట్టాలి? ఎందుకు?
2. మీ సంఘంలో వినికిడి తగ్గిన సభ్యులెందరు? గత శిక్షణలో వారికి ఏమి అందింది?