కుందేలుకు కంచె

కుందేలు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. చేలో పడితే మాత్రం ఏడిపిస్తుంది. సాయంత్రం పచ్చగా ఉన్న మొలకలు తెల్లారేసరికి ఉండవు. మోళ్ళు మిగులుతాయి.

వికారాబాద్ దగ్గర ఒక ఊరు. అనంతగిరి అడవికి ఎంతో దూరం లేదు. అక్కడ ఒక అక్కకు 5 గుంటల కూరగాయల మడి ఉంది. బీన్స్ పెట్టింది, పాలకూర పోసింది. రెండు రాత్రుల్లో సగం మొలకలు పోయాయి.

"అడవిపంది పని" అన్నాడు ఆమె భర్త.

అక్క వంగి చూసింది. పంది అయితే నేలను మూతితో కుళ్ళగిస్తుంది. ఇక్కడ నేల కదలలేదు. మొలకలు కత్తితో కోసినట్టు ఏటవాలుగా తెగి ఉన్నాయి. పక్కన గుండ్రటి పెంటికలు ఉన్నాయి. పంది కాదు, కుందేలు!

చుట్టూ తుమ్మకంప ఉంది కదా, ఎట్లా వచ్చింది? కంప కింద జానెడు సందు ఉంది. కుందేలుకు అది దర్వాజాతో సమానం.

"తీగ కట్టి కరెంటు పెడదాం. పంది వచ్చినా, కుందేలు వచ్చినా పీడ పోతది" అన్నాడు భర్త. హైదరాబాదులో తీగ కొనుక్కు రమ్మని డబ్బులిచ్చి పంపాడు. అక్క చదువు నేర్చుకుని అప్పటికి ఏడాది అయింది. బోర్డులు కూడబలుక్కుని చదువుతుంది. అందుకే ధైర్యంగా ఒక్కతే రైలెక్కింది.

రైలు నాంపల్లిలో ఆగింది. స్టేషను నుంచి ఆబిడ్స్ నడిచిపోయేంత దూరమే. (ఆబిడ్ అనేది ఒక మనిషి పేరు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర పని చేసిన ఆయనకు ఇక్కడ దుకాణం ఉండేది. దుకాణం పోయింది, పేరు నిలిచింది.) ఆబిడ్స్ దాటి కోఠీ వైపు పోతే ట్రూప్ బజార్ వస్తుంది. కరెంటు సామాన్లకు పేరున్న బజారు అది.

దారిలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ కనబడింది. దాని మీద పుర్రె బొమ్మ ఉంది. ఆ బొమ్మను ఆమె చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉంది. ఈసారి బొమ్మ కింద అక్షరాలు చదివింది. అ... పా... యం. అపాయం.

అక్క అక్కడే నిలబడిపోయింది. ఇక్కడ కరెంటు ఉందని చెప్పడానికి బోర్డు ఉంది. మన చేను చుట్టూ రాత్రిపూట తీగలో కరెంటు పారితే, ఏ బోర్డు ఎవరికి కనబడుతుంది? చీకట్లో నీళ్ళు మళ్ళించడానికి పోయేది మరిదే కదా!

దుకాణంలో తీగ అడిగింది. "దేనికమ్మా?" అన్నాడు పెద్దాయన. ఆమె ఉన్నమాట చెప్పింది.

"కరెంటు కంచెకైతే నేను అమ్మను. ఇంట్లోకి వచ్చే కరెంటు 230 వోల్టులు. అది కుందేలా, మనిషా అని చూడదు. పక్క గల్లీలో జాలీ దొరుకుతది, పోయి చూడు" అన్నాడు.

ఆయన చెప్పింది నిజం. ఇట్లాంటి తీగలు తగిలి మన రాష్ట్రంలో ఎంతోమంది పోయారు. చాలామంది రైతులే. కొందరైతే తాము పెట్టిన తీగ తగిలే పోయారు. లైను నుంచి దొంగచాటుగా కరెంటు లాగడం నేరం. మనిషి పోతే తీగ పెట్టినవాడి మీద కేసు అవుతుంది. సోలార్ కంచె వేరు. అందులో కరెంటు ఒక యంత్రం గుండా వస్తుంది. క్షణం సేపు జిల్లుమని ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. జంతువు బెదురుతుంది గానీ చావదు. సోలార్ పేరు చెప్పి మామూలు కరెంటు కలిపితే మాత్రం రెండూ ఒకటే.

ఉచ్చు పెడితే? అదీ తప్పే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి కుందేలును వేటాడటం నేరం.

అక్క జాలీ దుకాణానికి పోయింది. అక్కడ చుట్టలు చుట్టలుగా జాలీ ఉంది. ఒక్కో చుట్టకు ఒక చీటీ ఉంది. అక్షరాలు ఇంగ్లీషువి. అంకెలు ఆమెకు వచ్చు. ఒకదాని మీద 18 గేజి, ఇంకోదాని మీద 20 గేజి.

"20దే ఇవ్వండి, అదే గట్టిది" అంది.

దుకాణం పిల్లవాడు నవ్వాడు. "ఉల్టా అక్కా! గేజి నంబరు పెరిగితే తీగ సన్నమైతది."

చేత్తో పట్టుకుని చూస్తే నిజమే. 18దే లావు. మీరు కూడా ఇది గుర్తుపెట్టుకోండి. చాలామంది మోసపోయేది ఇక్కడే. చీటీ మీద జి.ఐ. అని ఉందా అని కూడా అడగాలి. జి.ఐ. అంటే ఇనుప తీగకు జింకు పూత ఉందని అర్థం. పూత లేనిది తొందరగా తుప్పు పడుతుంది.

కన్ను ఎంత ఉండాలి? 1 అంగుళం. రెండు అంగుళాల కన్ను జాలీ చవకగా వస్తుంది గానీ కుందేలు పిల్ల దూరిపోతుంది. ఎత్తు 4 అడుగులు ఉంటే మంచిది. అందులో కింది అర అడుగును బయటి వైపుకు మడిచి నేల మీద పరవాలి. దాని మీద రాళ్ళు పేర్చాలి. మిగిలిన మూడున్నర అడుగులు పైకి నిలబడతాయి. కుందేలు కంచె మొదట్లోకి వచ్చి సందు వెతుకుతుంది. కాళ్ళ కింద జాలీ ఉంటే దానికి దారి దొరకదు.

జాలీని లోతుగా పాతాలని కొందరంటారు. అది విదేశాల మాట. అక్కడి కుందేళ్ళు బొరియలు తవ్వుతాయి. మన చెవులపిల్లి బొరియ తవ్వదు. పగలు గడ్డిలో గుంట చేసుకుని పడుకుంటుంది. దాని పిల్లలు కళ్ళు తెరుచుకునే, ఒంటి నిండా వెంట్రుకలతోనే పుడతాయి. రెండూ వేరు జాతులు.

ఆ బొరియలు తవ్వే జాతే ఆస్ట్రేలియాను ముప్పుతిప్పలు పెట్టింది. 1859లో ఒక భూస్వామి వేట సరదా కోసం ఇంగ్లండు నుంచి తెప్పించి వదిలాడు. అవి లక్షలు, కోట్లు అయ్యాయి. పడమటి ఆస్ట్రేలియాలో 1901 నుంచి 1907 దాకా కంచెలు కట్టారు. మొదటి కంచె ఒక్కటే 1,800 కిలోమీటర్లకు పైన. అది పూర్తయ్యేలోపే కుందేళ్ళు అవతలికి చేరిపోయాయి!

మళ్ళీ మన లెక్కకు వద్దాం. అక్క మడి పొడవు 99 అడుగులు, వెడల్పు 55 అడుగులు. చుట్టుకొలత ఎంత? పొడవు, వెడల్పు కలిపితే 154. దానికి రెట్టింపు 308 అడుగులు. ఒక చుట్ట 50 అడుగులు. ఆరు చుట్టలు తెస్తే 300 అవుతుంది, 8 అడుగులు తక్కువ పడుతుంది. అంటే 7 చుట్టలు కావాలి.

అక్క దగ్గర ఉన్న డబ్బుకు మూడే వస్తాయి.

దుకాణం మెట్ల మీద కూర్చుని ఆలోచించింది. కుందేలు తినేది లేత మొలకలే. మొక్క ముదిరితే అంతగా ముట్టదు. మొలకలున్నది ఒక గుంటలోనే. గుంట అంటే 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు. నాలుగు పక్కలా కలిపితే 132 అడుగులు. మూడు చుట్టలు 150 అడుగులు. ఇంకా 18 అడుగులు మిగులుతాయి. ఆ ముక్కతో తలుపుకు కూడా జాలీ కొట్టవచ్చు. తలుపు దగ్గర కంప అడ్డం పెడితే మళ్ళీ సందే కదా! మిగతా 4 గుంటలకు పాత కంపే ఉంటుంది, కింద రాళ్ళు పేరిస్తే సరి.

మూడు చుట్టలు ఆటోలో వేసుకుని నాంపల్లి స్టేషనుకు వచ్చింది. రైలుకు ఇంకా గంట టైముంది. బెంచీ మీద కూర్చుని, భర్తకు చూపించాలని లెక్కంతా చీటీ మీద రాసింది. 33, 33, 33, 33. కింద గీత గీసి 132. దాని పక్కన పెద్ద అక్షరాలతో రాసింది: "కరెంటు వద్దు."

ఇప్పుడు మీరు చేయండి. మీ నారుమడి పొడవు, వెడల్పు తాడుతో కొలవండి. చుట్టుకొలత కాగితం మీద రాయండి. 50 అడుగుల చుట్టలు ఎన్ని కావాలి? తలుపును కూడా లెక్కలో వేశారా?